గ్లో ఇంజను స్వయంబోధన – 5వ పాఠం: ఎంత తిప్పినా స్టార్టు కాని ఇంజను

విమాన నమూనాలను ఎగరేసే చిన్న గ్లో ఇంజను గురించిన గత పాఠంలో ఇంధనం కలపడం, ట్యాంకు నింపడం, కార్బురేటరులో ఇంధనం పాలును నియంత్రించే ప్రధాన సూదిని తయారీదారు చెప్పిన స్థానంలో నిలపడం వరకు చూశాము. అక్కడ చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేసి, ప్రొపెల్లరును యాభై సార్లు తిప్పినా ఇంజను ఉలక్కుండా పలక్కుండా కూర్చుంటే ఏం చేయాలన్నది ఈ పాఠం. మన అభ్యాసానికి తీసుకున్న ఇంజను ఎప్పటిలాగే 46 సైజుది, అంటే 0.46 ఘనపుటంగుళాల, సుమారు 7.5 సీసీ గల రెండు స్ట్రోకుల ఇంజను. దానికి 11 × 6 (అంగుళాల్లో వ్యాసం × పిచ్) ప్రొపెల్లరు బిగించి ఉంది, మఫ్లరు నుంచి ట్యాంకుకు ప్రెషర్ పైపు వేసి ఉంది. మీ దగ్గర ఉన్నది 25 సైజుదైనా, 61 సైజుదైనా తప్పు వెతికే పద్ధతి మాత్రం ఇదే.

పని మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక తప్పదు. ఈ పాఠంలో ప్లగ్గును, అంటే సిలిండరు తలలో బిగించిన, బ్యాటరీతో తీగ వేడెక్కే గ్లో ప్లగ్గును, చాలాసార్లు ఊడదీస్తాము, వెలిగించి చూస్తాము, ఇంజనులోని ఇంధనాన్ని బయటికి చిమ్మిస్తాము. ఈ ఇంధనంలో ఎక్కువ భాగం మెథనాల్. దాని మంట పట్టపగలు కంటికి దాదాపు కనబడదు. గుడ్డ నల్లబడి ముడుచుకుపోతుంటేనో, చేతికి చురుక్కుమంటేనో గానీ అంటుకుందని తెలియదు. అందుచేత వెలుగుతున్న ప్లగ్గు, తడి ఇంజను ఎన్నడూ ఒకే బల్ల మీద ఉండకూడదు, పక్కన బకెట్టు నీళ్లు ఉండాలి. మెథనాల్ నీటిలో పూర్తిగా కలిసిపోతుంది కాబట్టి ఆ మంటను నీళ్లతోనే ఆర్పవచ్చు. అది కొద్దిగా కడుపులోకి పోయినా చూపు తీసే విషమన్న సంగతి రెండో పాఠంలోనే చెప్పాను. పైపులో అడ్డం పడిందని నోటితో పీల్చే అలవాటు ఉన్నవారు దాన్ని ఈ రోజే మానుకోవాలి. ఇందుకు ప్లాస్టిక్ సిరంజి ఒకటి కొని పెట్టుకుంటే చాలు.

సూది జోలికి ఇప్పుడే పోవద్దు

ఇంజను స్టార్టు కాకపోతే కొత్తవాళ్ల చెయ్యి తిన్నగా సూది మీదికే పోతుంది. బయటికి కనబడేది, వేళ్లతో సులువుగా తిరిగేది అదొక్కటే కావడం అందుకు కారణమనుకుంటాను. ఈ పాఠమంతటికీ నేను పెట్టే షరతు ఒక్కటే: మిగిలినవన్నీ చూసే దాకా సూదిని కదిలించకూడదు. ఈ షరతు నాకు ఎవరో చెబితే అబ్బింది కాదు.

నా మొదటి ఇంజనును నేను రెండు ఆదివారాలు తిప్పాను. మొదటి రోజు ఇంధనం చాలడం లేదేమోనని సూదిని అర చుట్టు విప్పాను, కాసేపటికి ఎక్కువైందేమోనని ఒక చుట్టు బిగించాను, మళ్లీ విప్పాను. సాయంత్రానికి అది ఎన్ని చుట్ల దగ్గరుందో నాకే తెలియలేదు. రెండో ఆదివారం కూడా అలాగే గడిచింది. మూడో వారం మైదానానికి వచ్చిన ఒక పెద్దాయన కాసేపు చూసి, "సూదిని ఏమైనా కదిపావా బాబూ?" అని అడిగారు. "కదిపానండీ," అన్నాను. "ఎంత?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆయన ఇంకేమీ అనకుండా ప్లగ్గుకు బ్యాటరీని కలిపే క్లిప్పు తీసి, ప్లగ్గు మెడ మీద చిన్న చాకు మొనతో గీకారు. తేనె రంగులో, గోరంత మందాన, ఎండిన జిగురులాంటి పొర పెచ్చుగా లేచి వచ్చింది. అది ఇంధనంలో కందెనగా కలిపే ఆముదం, మాడి గట్టిపడింది. క్లిప్పు పళ్లు అన్నాళ్లూ ఆ పొరనే పట్టుకున్నాయి తప్ప ఇనుమును పట్టుకోలేదు, కనుక ప్లగ్గు ఒక్కసారి కూడా వెలగలేదు. గీకి మళ్లీ తగిలించగానే రెండో తిప్పుకు ఇంజను అందుకుంది, అందుకున్న మరుక్షణమే బుసబుసా పొగ కక్కి ఆగిపోయింది. ఎందుకంటే అప్పటికి సూది దాదాపు నాలుగు చుట్లు విప్పి ఉంది. ఉన్న తప్పు ఒకటే అయినా, లేని రెండో తప్పును నేనే తెచ్చిపెట్టాను. ఒక తప్పున్న ఇంజనులో దాన్ని పట్టుకోవడం సులభం, రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పేసుకుంటున్న ఇంజనుతో పాట్లు పడలేము.

మీరు ఇప్పటికే సూదిని కదిపి ఉంటే, దాన్ని మెల్లగా, బలం పెట్టకుండా పూర్తిగా బిగించి, అక్కడి నుంచి తయారీదారు చెప్పినన్ని చుట్లు విప్పండి. పత్రం పోయిందంటే రెండున్నర చుట్లు విప్పండి. ఈ సైజు ఇంజనులు చాలావరకు ఆ స్థానంలో కొంచెం రిచ్‌గా, అంటే ఇంధనం పాలు ఎక్కువగానైనా, స్టార్టవుతాయి. ఆ సంఖ్యను నోటుపుస్తకంలో రాసి, సూదిని మరిచిపోండి.

ఇంజనుకు కావలసినవి

ఈ ఇంజనుకు స్కూటరుకున్నట్టు స్పార్కు ఉండదు. 1947లో అమెరికాలో రే ఆర్డెన్ గ్లో ప్లగ్గును అమ్మకానికి తెచ్చే వరకు విమాన నమూనాలు కూడా కాయిలు, కండెన్సరు, బ్యాటరీ మోసుకుంటూ ఎగరవలసి వచ్చేది. గ్లో ప్లగ్గులో ఉన్నది సన్నని ప్లాటినం తీగ చుట్ట మాత్రమే. వేడెక్కిన ప్లాటినం మీదికి మెథనాల్ ఆవిరి, గాలి కలిసి వచ్చినప్పుడు ఆ లోహం ఉత్ప్రేరకంగా పనిచేసి మెథనాల్‌ను ఆక్సీకరిస్తుంది, అందులో పుట్టిన వేడి తీగను ఎర్రగానే ఉంచుతుంది. ఒకసారి ఇంజను పరుగు అందుకున్నాక బ్యాటరీ తీసేసినా ఆగకపోవడానికి కారణం అదే. పెట్రోలుకు ప్లాటినంతో ఈ పొత్తు కుదరదు, కాబట్టి పెట్రోలు పోసి ఇది స్టార్టు కాలేదని వాపోవడంలో అర్థం లేదు. పైగా ఆముదం పెట్రోలులో సరిగ్గా కలవదు కూడా.

కనుక స్టార్టు కావడానికి కావలసినవి తీగలో వేడి, సిలిండరులో తగు పాళ్లలో ఇంధనం, దాన్ని అదిమే కంప్రెషన్. సూది వీటిలో రెండోదానికి మాత్రమే సంబంధించినది, అదైనా అందులో ఒక చిన్న భాగానికే. నేను వేడితో మొదలుపెడతాను, ఎందుకంటే నేను చూసిన మొండి ఇంజన్లలో ఎక్కువ వాటికి జబ్బు అక్కడే దొరికింది, పైగా దాన్ని పరీక్షించడానికి రెండు నిమిషాలు చాలు.

వేడి

ప్లగ్గును దాని స్పానరుతో ఊడదీసి, ఇంజనుకు దూరంగా వచ్చి, క్లిప్పులో పెట్టి చూడండి. వేళ్లతో పట్టుకోవద్దు. ఎండలో వెలుగు తెలియదు కాబట్టి అరచేతితో నీడ పట్టండి. తీగ చుట్ట దాదాపు మొత్తం ప్రకాశవంతమైన నారింజ రంగులో, కొంచెం పసుపు వైపు మొగ్గుతూ వెలగాలి. మందమైన ఎరుపు చాలదు. ఒకటి రెండు చుట్లే వెలిగి మిగిలినవి నల్లగా ఉన్నా, తీగ ఒక పక్కకు ఒరిగి గోడను తాకుతున్నా, దాని మెరుపు పోయి గరుకుగా తెల్లబారినా ఆ ప్లగ్గును పక్కన పెట్టేయండి. ప్లగ్గు విషయంలో పొదుపు చేయడం నాకు నచ్చదు. అనుమానం కలిగిన ప్లగ్గును పెట్టెలో దాచుకునేవారు ఏదో ఒక రోజు దాన్నే మళ్లీ తీసి బిగిస్తారు.

ఇక్కడొక మెలిక ఉంది. గాలిలో చక్కగా వెలిగిన ప్లగ్గు ఇంజనులోకి వెళ్లాక వెలగకపోవచ్చు. చల్లని తడి ఇంధనం తీగ మీద పడగానే దాని వేడిని లాక్కుంటుంది. ఆ వేడిని బ్యాటరీ వెంటనే పూడ్చగలగాలి. ప్లాటినం తీగ చల్లబడితే దాని నిరోధం తగ్గుతుంది, కరెంటు ఎక్కువగా లాగుతుంది, నీరసించిన బ్యాటరీ సరిగ్గా అప్పుడే చేతులెత్తేస్తుంది. గదిలో వెలిగే దీపం గాలివానలో నిలుస్తుందో లేదో గదిలో చూస్తే తెలియదు కదా. అందుకని బ్యాటరీ వోల్టేజిని ఊరికే కొలిస్తే లాభం లేదు, ప్లగ్గు వెలుగుతుండగా కొలవాలి. ప్లగ్గుకు కావలసింది 1.2 నుంచి 1.5 వోల్టులు, దాదాపు 3 ఆంపియర్లు. వెలుగుతుండగా వోల్టేజి 1 దగ్గరికి జారిపోతుంటే చార్జి అయిపోయిందనో, సెల్లు ముసలిదైందనో అర్థం. చిన్న పెన్సిల్ సెల్లుతో మొదటి రెండు నిమిషాలు పని జరుగుతుంది గానీ, ఆ తర్వాత మీరు తిప్పేదంతా వృథా శ్రమే. 12 వోల్టుల బ్యాటరీకి ప్లగ్గును నేరుగా తగిలిస్తే మాత్రం కెమెరా ఫ్లాషులా ఒక్క మెరుపు మెరిసి తీగ తెగిపోతుంది.

మీ గ్లో స్టార్టరుకు, అంటే క్లిప్పూ బ్యాటరీ కలిసిన పరికరానికి, చిన్న ఆంపియరు మీటరు ఉంటే సగం పని అదే చేసిపెడుతుంది. ముల్లు అసలు కదలకపోతే తీగ తెగిందో, క్లిప్పు తగలడం లేదో ఈ రెండింటిలో ఒకటి. మామూలు చోట నిలిస్తే వేడికి లోటు లేదు. మామూలుకంటే ఎక్కువ చూపించి, కొంతసేపటికి మెల్లగా దిగుతుంటే ప్లగ్గు ఇంధనంలో మునిగి ఉందన్నమాట. పైన చెప్పిన నిరోధం సంగతి ఇక్కడ అక్కరకొస్తుంది. ఆ మునక గురించి కిందికి వచ్చాక వివరంగా చెబుతాను.

క్లిప్పును పెట్టిన ప్రతిసారీ ఒక్క పావు చుట్టు అటూ ఇటూ తిప్పండి. పళ్లు లోహాన్ని గీరి తాకుతాయి. నాకు ఆ రెండు ఆదివారాలూ తెలిసి ఉండవలసింది ఈ పావు చుట్టే.

డిసెంబరు తెల్లవారుజామున ఆదిలాబాద్ లాంటి చోట ఇంజను నడిపేవారికి ఇంకో చిక్కు ఉంది. మెథనాల్ ఆవిరి కావడానికి పెట్రోలుకంటే దాదాపు మూడింతల వేడి కావాలి, అంటే కిలోకు సుమారు 1100 కిలోజౌళ్లు. పెట్రోలు మండడానికి బరువులో ఒక పాలుకు దాదాపు 14.7 పాళ్ల గాలి కావాలంటే, మెథనాల్‌కు 6.4 పాళ్లే చాలు. కాబట్టి అదే గాలితో రెట్టింపుకు పైగా ఇంధనం లోపలికి వస్తుంది. అంత ఇంధనం, అన్నింతల వేడి అడుగుతూ, చల్లని సిలిండరులోకి వస్తే ఆవిరి కాక గోడలకు అంటుకుని కూర్చుంటుంది. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డను సిలిండరు తల మీద రెండు నిమిషాలు కప్పి ఉంచితే చాలాసార్లు అదే మందు. ఇంధనం దగ్గర మంట పెట్టి వేడిచేసే ఆలోచన మాత్రం రానివ్వకండి.

ఇంధనం: అసలు అందకపోవడం

వేడి సరిగ్గా ఉందని తేలాక ప్లగ్గును రాగి వాషరుతో సహా తిరిగి బిగించండి. ఇప్పుడు చేసే పరీక్షను నేను నాలుగు చుక్కల పరీక్ష అంటాను. థ్రాటిల్‌ను నాలుగో వంతు తెరిచి, కార్బురేటరు నోట్లో సిరంజితో సరిగ్గా నాలుగు చుక్కల ఇంధనం వేసి, ప్రొపెల్లరును చేత్తో రెండు సార్లు తిప్పి, ఆ తర్వాత క్లిప్పు తగిలించి, కర్రతో తిప్పండి. క్లిప్పు తగిలి ఉండగా వేళ్లతో తిప్పకూడదన్నది మూడో పాఠంలోని నియమం, దానికి మినహాయింపు లేదు. ఎదురుగా నిలబడి చూస్తే ఇంజను గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది, కాబట్టి మీ ఎడమ పక్కనున్న రెక్కను కిందికి కొట్టాలి. ఆ రెక్క అడ్డానికి కాస్త పైన ఉన్నప్పుడు కంప్రెషన్ తగిలేలా ప్రొపెల్లరును బిగించుకుంటే చెయ్యికి అనువుగా ఉంటుంది.

ఇంజను బర్రుమని రెండు మూడు సెకండ్లు నడిచి ఆగిపోతే సంతోషించండి. తీగలో వేడి ఉంది, కంప్రెషన్ ఉంది, ట్యాంకు నుంచి ఇంధనం మాత్రం రావడం లేదని ఆ రెండు సెకండ్లలో ఇంజనే చెప్పేసింది. కిక్కుమని కూడా అనకపోతే ఈ భాగాన్ని దాటి మునక, కంప్రెషన్ భాగాలకు వెళ్లండి.

ఇంధనం రాకపోతే థ్రాటిల్‌ను పూర్తిగా తెరిచి, క్లిప్పు లేకుండా, కార్బురేటరు నోటిని వేలితో మూసి ప్రొపెల్లరును నెమ్మదిగా తిప్పుతూ పారదర్శకమైన పైపును చూడండి. ఇంధనం ట్యాంకు నుంచి పాకుతూ వచ్చి, రెండు మూడు తిప్పులలో కార్బురేటరును చేరాలి. అసలు కదలకపోతే ముందుగా పైపులు అటుదిటు అయ్యాయేమో చూడండి. ప్రెషర్ పైపును కార్బురేటరుకు, ఇంధనపు పైపును మఫ్లరుకు తగిలించడం కొత్తవారు మాత్రమే చేసే పొరపాటేమీ కాదు. పైపులు సరిగ్గానే ఉంటే సిరంజితో ప్రెషర్ పైపు వైపు నుంచి మెల్లగా గాలి ఊది, కార్బురేటరు దగ్గర విప్పిన పైపు చివర ఇంధనం ధారగా వస్తోందా అని చూడండి. ధార వస్తే ట్యాంకు బాగానే ఉంది, అడ్డం సూది రంధ్రంలో ఉంది: సూదిని చుట్లు లెక్కపెట్టుకుంటూ పూర్తిగా విప్పి తీసి, ఆ దారిలో సిరంజితో శుభ్రమైన ఇంధనాన్ని నెట్టి, మళ్లీ అన్నే చుట్ల దగ్గర పెట్టండి. దీన్ని సూదిని కదపడంగా నేను లెక్కవేయను.

ధార రాకుండా బుడగలు వస్తే ట్యాంకు లోపలి మెత్తని పైపు చిట్లింది, లేదా దాని చివరి బరువు ఊడిపోయింది. మెథనాల్‌లో ఏళ్ల తరబడి నానిన పైపు గట్టిపడి, లోపలి లోహపు గొట్టం మొన దగ్గర సూది పొడిచినంత బెజ్జం పడుతుంది. పైకి ఏమీ కనబడదు. విమానం ఒకసారి ముక్కు మీద గట్టిగా దిగి ఉంటే ఆ బరువు ట్యాంకులో ముందుకు వచ్చి అక్కడే ఇరుక్కుని ఉండవచ్చు. ట్యాంకును చెవి దగ్గర ఊపితే బరువు స్వేచ్ఛగా టక్కుటక్కుమంటుందో లేదో తెలుస్తుంది. ట్యాంకు ఎత్తు కూడా ఒకసారి చూసుకోండి: దాని మధ్యరేఖ సూది ఎత్తుకు సమానంగా గానీ, ఒక సెంటీమీటరు కిందుగా గానీ ఉండాలి. మరీ కింద ఉంటే ఇంజను పీల్చలేదు, పైన ఉంటే మీరు చూడనప్పుడు ఇంధనం దానంతటదే ఇంజనులోకి కారి కూర్చుంటుంది.

ఇంధనం: మునిగిపోవడం

పాత స్కూటరు స్టార్టు కాకపోతే దాన్ని ఒక పక్కకు వంచి లేపడం మన వీధుల్లో అందరూ చూసిందే. ఆ అలవాటుతో చాలామంది ఈ ఇంజనుకు కూడా ఇంధనం చాలలేదనే అనుకుంటూ, కార్బురేటరు నోటిని వేలితో మూసి తిప్పుతూ, చోక్ మీద చోక్ ఇస్తారు. నిజానికి యాభై తిప్పులు తిరిగిన ఇంజనులో ఎక్కువసార్లు జరిగేది మునక. గుర్తులు తెలుసుకోవడం కష్టం కాదు: ప్రొపెల్లరును తిప్పితే లోపల తప్‌తప్‌మని తడి చప్పుడు వస్తుంది, మఫ్లరు మూతి నుంచి ఇంధనం చుక్కలుగా కారుతుంది, అన్నిటికంటే ముఖ్యంగా ప్రొపెల్లరు ఒక చోట గోడకు తగిలినట్టు ఆగిపోతుంది. కంప్రెషన్‌కు స్ప్రింగులాంటి గుణం ఉంటుంది, అదిమితే తిరిగి నెడుతుంది. ద్రవం అలా కాదు, అది అదమబడదు. ఆ గోడ తగిలినప్పుడు ఎలక్ట్రిక్ స్టార్టరు పెట్టి బలవంతంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. నూటికి నూరు పాళ్లు మానవలసిన పని ఇదొక్కటే అని చెప్పగలను.

మునిగిన ఇంజనుకు చికిత్స ఇది. క్లిప్పు తీసి జేబులో వేసుకోండి, పక్కన పెట్టడం కాదు. ఇంధనపు పైపును క్లాంపుతో బిగించండి. ప్లగ్గు ఊడదీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, విమానాన్ని తలకిందులు చేసి, ప్లగ్గు రంధ్రం మీద గుడ్డ వేసి, మొహం పక్కకు తిప్పుకుని, ప్రొపెల్లరును పది పదిహేను సార్లు తిప్పండి. గుడ్డ తడుస్తుంది. గుడ్డ మార్చి, ఇక తడవనంత వరకు తిప్పండి. ఆ తర్వాత ప్లగ్గును తుడిచి బిగించి, చోక్ ఇవ్వకుండా, చుక్క కూడా వేయకుండా, క్లిప్పు తగిలించి కర్రతో కొట్టండి. గోడల మీద మిగిలిన తడే స్టార్టు కావడానికి సరిపోతుంది, చాలాసార్లు మొదటి మూడు కొట్లలోనే అందుకుంటుంది.

ఇంజనును తలకిందులుగా బిగించిన విమానాలతో ఈ తంటా రోజూ ఉంటుంది, ఎందుకంటే ఇంధనమంతా జారి ప్లగ్గు మీదికే చేరుతుంది. అటువంటి విమానాన్ని వెల్లకిలా తిప్పి, అంటే ఇంజను పైకి వచ్చేలా పెట్టి స్టార్టు చేసి, నడక కుదిరాక మెల్లగా మామూలు స్థితికి తేవడం మేలు.

ఇంధనం పాతబడిందేమో కూడా ఒకసారి ఆలోచించాలి. మెథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీరంలో వానకాలం డబ్బా మూత సరిగ్గా బిగించకుండా నెల రోజులు ఉంచితే ఆ ఇంధనాన్ని నమ్మలేము. అనుమానముంటే కొత్త డబ్బాలోంచి అరకప్పు పోసి చూడటమే తేలిక, పాతదాన్ని బాగుచేసే ఉపాయాలు వెతకవద్దు.

కంప్రెషన్

ఇది చూడటానికి పరికరాలు అక్కర్లేదు. క్లిప్పు తీసేసి, ప్రొపెల్లరును నెమ్మదిగా తిప్పి, పిస్టన్ పైకి వస్తుండగా తగిలే ప్రతిఘటన మీద ఆపి పట్టుకోండి. చెయ్యి వదిలితే ప్రొపెల్లరు వెనక్కి ఎగిరిపడాలి. అలా కాకుండా ఉస్సుమంటూ పిండి మూటలా కూలిపోతే ఎక్కడో గాలి పోతోంది. ప్లగ్గు చుట్టూ, సిలిండరు తల అతుకు చుట్టూ నూనె చుక్కలు వేసి మళ్లీ తిప్పితే, పోతున్న చోట బుడగ లేస్తుంది. ఎక్కువగా వాషరు లేకుండా బిగించిన ప్లగ్గే దొంగ. ఊడదీసినప్పుడు వాషరు గడ్డిలో పడిపోయి ఉంటుంది. తల బోల్టులు వదులైతే ఎదురెదురువి కొంచెం కొంచెంగా బిగించాలి, ఒకదాన్నే పూర్తిగా బిగించకూడదు.

బయట బుడగ రాకపోతే ప్లగ్గు రంధ్రంలో రెండు చుక్కల నూనె వేసి, పది సార్లు తిప్పి, మళ్లీ చూడండి. అప్పుడు కంప్రెషన్ తిరిగి వస్తే పిస్టన్‌కూ సిలిండరుకూ మధ్య నూనె పొర ఆరిపోయిందని గానీ, అవి అరిగాయని గానీ తేలుతుంది. నెలల తరబడి కదలకుండా ఉన్న ఇంజనులో ఇది మామూలే, నూనెతో నడిచిపోతుంది. అరుగుదల అయితే ఈ పాఠంతో తీరేది కాదు.

దీనికి పూర్తిగా ఎదురైన భయం ఒకటుంది. ఇత్తడి సిలిండరుకు క్రోమియం పూత వేసి, అల్యూమినియం పిస్టన్ అమర్చిన ఏబీసీ రకం కొత్త ఇంజను చల్లగా ఉన్నప్పుడు పైకొస దగ్గర పట్టేసినట్టు బిగుసుకుని కిర్రుమంటుంది. అది తప్పు కాదు. సిలిండరు పైభాగం కావాలనే కాస్త ఇరుకుగా చేస్తారు, వేడెక్కాక అది సాగి సరిపోతుంది. దాన్ని వదులు చేయాలని రుద్దడం, అరగదీయడం చేస్తే ఇంజను చేజేతులా పోతుంది. చాలాకాలం వాడని పాత ఇంజను అసలే కదలకపోతే మాత్రం ఆముదం గడ్డకట్టి పట్టేసిందన్నమాట. ఇంధనం లేని చోట హెయిర్ డ్రయ్యరుతో ఐదు నిమిషాలు వేడి చేస్తే ఆ జిగురు మెత్తబడి, ప్రొపెల్లరు నెమ్మదిగా లొంగుతుంది.

అందుకుని ఆగిపోయే ఇంజను

క్లిప్పు ఉన్నంతసేపూ చక్కగా నడిచి, తీయగానే ఆగిపోతే ప్లగ్గు ముసలిదైంది, లేదా మిశ్రమం మరీ రిచ్‌గా ఉంది. కొత్త ప్లగ్గు పెట్టినా అదే జరిగితేనే సూదిని అనుమానించాలి. స్టార్టయి, వేగం దానంతటదే పెరుగుతూ తగ్గుతూ, సూదిని ఎటు తిప్పినా మాట వినకపోతే, కార్బురేటరు అడుగున ఉండే రబ్బరు వలయం దగ్గరో, ఇంజను వెనుక మూసే పళ్లెం దగ్గరో దొంగగాలి లోపలికి వస్తోంది. స్క్రూలు బిగించి, వలయం చిట్లితే మార్చండి. ఒక్కొక్కసారి ఇంజను అందుకుంటుంది గానీ గాలి మాత్రం వెనక్కి కాక ముందుకు తోస్తుంది. అది తిరగవలసిన దిశకు వ్యతిరేకంగా తిరుగుతోందన్నమాట. రెండు స్ట్రోకుల ఇంజన్లకు, ముఖ్యంగా కాస్త ఎక్కువ తడిసినప్పుడు, ఈ కొంటెతనం ఉంది. వెంటనే ఇంధనపు పైపు నొక్కి ఆపండి, ఆ తర్వాత ప్రొపెల్లరు నట్టును తప్పక సరిచూడండి, ఎదురు తన్నినప్పుడు అది వదులవుతుంది.

ఇక సూది సంగతి. పైవన్నీ చూసి, అన్నీ సరిగ్గా ఉండి, నాలుగు చుక్కలకు నడిచి, ట్యాంకు ఇంధనంతో మాత్రం నిలవకపోతే ఇప్పుడు సూదిని పావు చుట్టు విప్పి చూడవచ్చు. పొగ ఎక్కువగా వచ్చి, ముక్కుతూ మూలుగుతూ ఆగిపోతే పావు చుట్టు బిగించి చూడవచ్చు. ఒక్కసారికి పావు చుట్టుకంటే ఎక్కువ వద్దు, ప్రతి మార్పూ పుస్తకంలో రాయాలి.

అభ్యాసం: వచ్చే పాఠంలోపు, బాగా నడుస్తున్న ఇంజనును ఎంచుకుని, మీ మిత్రుడి చేత మీరు చూడకుండా అందులో ఒక్క తప్పు పెట్టించండి. ఖాళీ బ్యాటరీ, తీసేసిన వాషరు, అటుదిటు చేసిన పైపులు, ఏదైనా సరే. సూది ముట్టకుండా, చూసిన ప్రతి విషయాన్నీ వరుసగా రాసుకుంటూ, ఎన్ని నిమిషాల్లో పట్టుకున్నారో లెక్కవేయండి. మొదటిసారి నాకు నలభై నిమిషాలు పట్టింది. 6వ పాఠంలో, నడుస్తున్న ఇంజను చప్పుడు వింటూ ప్రధాన సూదిని, తక్కువ వేగానికి పనిచేసే ఐడిల్ సూదిని కుదర్చడం మొదలుపెడదాము. ఆ పాఠానికి ట్యాంకు నిండా కొత్త ఇంధనం, ఒక కొత్త ప్లగ్గు సిద్ధంగా ఉంచుకోండి.